ఊరి పేరులో దాగిన మాటలు

కొన్ని అక్షరాలు ఇచ్చి, వాటితో ఎన్ని ఇంగ్లీషు మాటలు కూర్చగలవో చెప్పమనడం పిల్లల ఆటగా కనిపిస్తుంది. కాని ఆ ఆట వెనుక ఒక నిరుద్యోగి పట్టుదల, ఒక మహాయుద్ధం, ఒక న్యాయస్థానపు తీర్పు ఉన్నాయి. మన అవధానుల విద్యకు కూడా దానితో చుట్టరికం ఉంది.

టాటానగర్ రైల్వే జంక్షన్‌ను ఆనుకొని బాగ్‌బేరా ఉంది. జంషెడ్‌పూర్ ఉక్కుపట్టణానికి అది ఒక అంచు. 2000వ సంవత్సరం నవంబరు 15న జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడేవరకు బీహారులో భాగం. అక్కడి వీథులలో హిందీ వినిపిస్తుంది; బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో భాషలు వినిపిస్తాయి. ఉక్కు కర్మాగారంలోను, రైల్వేలోను పనులు వెదుక్కుంటూ ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాల తెలుగు కూడా జంషెడ్‌పూర్ ప్రాంతానికి కొత్త కాదు. ఇంటిలో ఒక భాష, వీథిలో మరొకటి, బడిలో ఇంకొకటి. వీటన్నిటికీ పైన, ఉద్యోగాల గుమ్మం దగ్గర కాపలావానివలె నిలబడి ఇంగ్లీషు.

ఇటువంటి చోట పెరిగే పిల్లలకు ఇంగ్లీషు అంటే తొలుత కలిగేది భయమే. స్పెల్లింగు తప్పితే దెబ్బలు తిన్న తరాలు మన దేశంలో ఎన్నో గడిచాయి. అదే ఇంగ్లీషును భయపడకుండా పట్టుకోవడానికి ఒక దారి ఉంది. దానికి పుస్తకం అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. దుకాణాల బోర్డుల మీద రాసి ఉండే ఊరి పేరు చాలు.

బాగ్‌బేరా పేరును ఇంగ్లీషులో రాస్తే ఏడు అక్షరాలు: బి, ఎ, జి, బి, ఇ, ఆర్, ఎ. మొదటి మూడు అక్షరాలు చదివితే 'బ్యాగ్', అనగా సంచి. చివరి మూడు చదివితే 'ఎరా', అనగా యుగం. ఇక అక్షరాలను ఇటూ అటూ మార్చి చూస్తే 'బేర్' వస్తుంది, ఎలుగుబంటి. 'బార్జ్' వస్తుంది, సరకులు మోసే పడవ. 'రేజ్' వస్తుంది, ఆగ్రహం. జి, ఆర్, ఎ, బి అనే నాలుగు అక్షరాలు ఒక వరుసలో 'గ్రాబ్' అయి లాక్కుంటాయి. మరొక వరుసలో 'గార్బ్' అయి వేషం కడతాయి. మూడవ వరుసలో 'బ్రాగ్' అయి ప్రగల్భాలు పలుకుతాయి. అన్నిటికన్నా ముచ్చటైనది ఇంకొకటి ఉంది. ఆర్, ఎ, జి, ఎ: 'రాగ'. మన సంగీతపు రాగమే ఇంగ్లీషు నిఘంటువులో స్థానం సంపాదించి, మళ్ళీ బాగ్‌బేరా పేరులో నుండి పలుకుతున్నది.

పది అక్షరాల పట్టణం

ఆ పక్కనే ఉన్న పెద్ద పేరును తీసుకుంటే నిధి ఇంకా పెద్దది. 1919లో వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్, జంషెడ్జీ టాటా జ్ఞాపకార్థం ఆ ఉక్కుపట్టణానికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. అంతకుముందు కాళీమాటిగా ఉన్న రైల్వేస్టేషన్ టాటానగర్ అయింది. పేరు పెట్టినవారు గమనించారో లేదో గాని, జంషెడ్‌పూర్ అనే పేరును ఇంగ్లీషులో రాసినప్పుడు పది అక్షరాలు వస్తాయి, పదీ వేరు వేరు. జె, ఎ, ఎమ్, ఎస్, హెచ్, ఇ, డి, పి, యు, ఆర్. ఒక్కటి కూడా రెండవసారి రాదు.

ఈ పది అక్షరాల గనిలో 'డ్రీమ్' ఉంది, 'హార్డ్' ఉంది. ఉక్కు కొలిమి దగ్గర పనిచేసిన తరాలకు ఆ రెండు మాటలూ బాగా తెలుసు. ఒకటి కల, మరొకటి కఠినం. ఏడక్షరాల మాటలు కూడా దొరుకుతాయి: 'జంపర్స్', 'హ్యాంపర్స్', 'డ్యాంపర్స్', 'ఫ్రేజ్డ్'. ఇక మన మాటలు చూడండి. పి, యు, జె, ఎ కలిస్తే 'పూజ'. ఆర్, ఎ, జె కలిస్తే 'రాజ్'. ఎస్, ఎ, డి, హెచ్, యు కలిస్తే 'సాధు'. పి, యు, ఆర్, డి, ఎ, హెచ్ కలిస్తే 'పర్దా'. ఎస్, హెచ్, ఇ, ఆర్, పి, ఎ కలిస్తే హిమాలయాలెక్కే 'షెర్పా'. ఇవన్నీ నేడు ఇంగ్లీషు నిఘంటువులలో ఉన్న మాటలే. పరాయి భాష అని భయపడే పిల్లవానికి, ఆ భాష ఇంటిలో తన వస్తువులు కూడా కొన్ని ఉన్నాయని తెలియడం చిన్న ధైర్యం కాదు.

కోటి తలుపులు, ఒక తాళపుచెవి

ఇచ్చిన అక్షరాలతో ఎన్ని మాటలున్నాయో ఒక్కటి కూడా వదలకుండా వెదకడం ఎట్లా? అన్ని అమరికలను వరుసగా రాసి చూడవచ్చునని తోస్తుంది. కాని లెక్క వేస్తే గుండె జారుతుంది. జంషెడ్‌పూర్‌లోని పది అక్షరాలను ఒకటి మొదలు పది వరకు ఎన్నింటినైనా తీసుకొని, ఎన్ని వరుసలలోనైనా పేర్చవచ్చునంటే, మొత్తం అమరికలు 98,64,100. ఒక్కొక్క అమరికకు ఒక సెకను చొప్పున తిండీ నిద్రా మాని పరీక్షించినా 114 రోజులు దాటుతుంది.

దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. మాటలోని అక్షరాలను అక్షరమాల క్రమంలో పేర్చి చూడాలి. ఇంగ్లీషులో 'లిజన్' అంటే విను. 'సైలెంట్' అంటే మౌనం. రెండింటిలోని అక్షరాలను క్రమంలో పెడితే ఒకే వరుస వస్తుంది: ఇ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి. ఆ వరుస ఆ మాటలకు వేలిముద్ర వంటిది. నిఘంటువులోని ప్రతి మాటకు ఇట్లా వేలిముద్ర తీసి, ఒకే ముద్ర గల మాటలను ఒకే అరలో పెట్టి ఉంచితే, వెదికేవాడు అమరికలను పరీక్షించనవసరం లేదు. ఏ అక్షరాలు తీసుకున్నాడో చూసుకుంటే చాలు. పది అక్షరాల నుండి తీయగల గుంపులు 1,023 మాత్రమే. సెకనుకు ఒకటి చొప్పున పదిహేడు నిమిషాల మూడు సెకన్ల పని. కోటికి చేరువైన తలుపులు వెయ్యికి చిల్లరగా మారిపోయాయి.

ఈ వేలిముద్రలు ఎంత దూరపు చుట్టరికాలను బయటపెడతాయో తెలుసుకోవడానికి టాటానగర్ స్టేషన్ బోర్డు ముందు నిలబడితే సరిపోతుంది. టి, ఎ, టి, ఎ, ఎన్, ఎ, జి, ఎ, ఆర్. ఇందులో నుండి రెండు టి అక్షరాలు, రెండు ఎ అక్షరాలు, ఒక ఎన్, ఒక ఆర్ తీస్తే 'టార్టన్' అవుతుంది. అది స్కాట్లండు కొండజాతుల గళ్ళ ఉన్నిబట్ట. అవే ఆరు అక్షరాలను మరొక వరుసలో పేర్చితే 'తంత్ర'. మన తంత్రశాస్త్రపు తంత్రం. స్కాట్లండు మగ్గానికి, సంస్కృత గ్రంథానికి వేలిముద్ర ఒక్కటే. సంస్కృతంలో 'తంత్రం' అంటే మగ్గం అనే అర్థం కూడా ఉన్నదని గుర్తుచేసుకుంటే ఈ కాకతాళీయం మరింత ముచ్చట గొలుపుతుంది.

కంప్యూటర్లు వచ్చిన తరువాత ఇటువంటి వెదుకులాట రెప్పపాటు పని అయింది. 1988లో ఆండ్రూ అపెల్, గై జాకబ్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు నిఘంటువు మొత్తాన్ని కొమ్మలు తిరిగి కలిసిపోయే ఒక చెట్టులాగా నిలువచేసి, అక్షరాల ఆటను మహావేగంతో ఆడే పద్ధతిని ప్రకటించారు. అయినా మనిషి ఆట మానలేదు. సమాధానం ఉన్నదని తెలిసి వెదకడంలో ఉన్న ఆనందాన్ని యంత్రం తీసుకుపోలేదు.

అచ్చుపెట్టెలో దొరికిన రహస్యం

ఈ వేటలో అక్షరాలన్నీ సమానం కావు. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలో ఉన్న అక్షరం 'ఇ'. ఆ తరువాత 'టి', 'ఎ'. క్యూ, జెడ్, జె, ఎక్స్ అరుదైన అతిథులు. పంతొమ్మిదవ శతాబ్దిలో తంతి సంకేతాలను రూపొందించినప్పుడు మోర్స్‌కు, ఆయన సహచరుడు ఆల్‌ఫ్రెడ్ వెయిల్‌కు ఈ తారతమ్యం తెలియవలసివచ్చింది. అచ్చుకూటంలో ఏ అక్షరపు దిమ్మలు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తే ఆ సంగతి తేలిపోయింది. అందువల్లనే తంతి భాషలో 'ఇ'కి ఒక్క చుక్క, 'టి'కి ఒక్క గీత. 'క్యూ'కు మాత్రం మూడు గీతలు, ఒక చుక్క. భారతీయ రైల్వేలలో దశాబ్దాలపాటు బండ్ల రాకపోకల వార్తలు ఈ చుక్కలు గీతలుగానే తీగలపై పరుగెత్తాయి.

ఈ లెక్క మీదనే 1930ల నాటి అమెరికాలో ఒక ఆట పుట్టింది. ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే వాస్తుశిల్పికి మహామాంద్యంలో, 1931లో ఉద్యోగం పోయింది. కట్టేవారు లేక కట్టడాలు లేవు. చేతిలో పని లేదు గాని కాలం ఉంది. ఆయన న్యూయార్క్ టైమ్స్ మొదటి పుటలోని అక్షరాలను లెక్కపెట్టసాగాడు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో చూసి, దాని ప్రకారం బిళ్ళల సంఖ్యను, విలువను నిర్ణయించాడు. వంద బిళ్ళలు, అందులో రెండు ఖాళీవి. 'ఇ' బిళ్ళలు పన్నెండు. క్యూ, జెడ్ ఒక్కొక్కటి మాత్రమే, కాని వాటి విలువ పది పాయింట్లు. 'ఎస్' ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే అక్షరమే అయినా దానికి నాలుగు బిళ్ళలే ఇచ్చాడు. ఏ మాట చివరనైనా 'ఎస్' తగిలించి బహువచనం చేసేస్తే ఆట మరీ సులువైపోతుందని ఆయన జాగ్రత్త.

ఆటవస్తువుల కంపెనీలు దానిని తిరస్కరించాయి. సంవత్సరాలు గడిచాయి. 1948లో జేమ్స్ బ్రూనో అనే మిత్రుడు దానిని తయారుచేయడానికి పూనుకొని 'స్క్రాబుల్' అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు 2,400 పెట్టెలు తయారుచేసి 450 డాలర్లు నష్టపోయాడు. 1952లో న్యూయార్కులోని మేసీస్ అనే పెద్ద దుకాణం ఆ ఆటను అమ్మకానికి పెట్టడంతో దశ తిరిగింది. 1993లో బట్స్ మరణించేనాటికి ఆయన లెక్కపెట్టిన అక్షరాలు ప్రపంచమంతటా బల్లల మీద పరచుకొని ఉన్నాయి.

ఆ ఆట నియమాల ప్రకారం చూస్తే జంషెడ్‌పూర్‌లోని 'జంపర్స్' అనే మాటకు అక్షరాల విలువ 18. ఏడు బిళ్ళలూ ఒక్కసారే దింపినందుకు బహుమానం 50. గళ్ళ లాభాలు కలపకుండానే 68 పాయింట్లు.

మాటలు తెలుసు, భాష తెలియదు

మాటలను కనిపెట్టడం వేరు, భాష తెలియడం వేరు. ఈ సత్యాన్ని ప్రపంచానికి విచిత్రంగా చాటినవాడు న్యూజీలండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్. ఇంగ్లీషు స్క్రాబుల్‌లో ఐదుసార్లు ప్రపంచ విజేత. 2015లో ఆయన ఫ్రెంచి భాషా పోటీలో దిగాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడడం రాదు. సుమారు తొమ్మిది వారాలపాటు ఫ్రెంచి పదాల పట్టికను కంఠస్థం చేసి, ఫ్రెంచివారినే ఓడించి విజేత అయ్యాడు. 2024లో స్పెయిన్ దేశపు గ్రనాడాలో జరిగిన స్పానిష్ పోటీలోను అదే పని చేశాడు. ఆయనకు ఆ మాటలు అర్థాలు కావు, ఆకారాలు. శిల్పికి రాయి ఎట్లాగో ఆయనకు మాట అట్లాగు.

దీనిని చూసి ముక్కున వేలేసుకునేవారున్నారు. పెదవి విరిచేవారూ ఉన్నారు. అర్థం తెలియని విద్య ఎందుకని వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు చరిత్రలో ఒక సమాధానం ఉంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో శత్రువుల రహస్య సందేశాలను విప్పడానికి ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్క్‌లో గొప్ప ప్రయత్నం జరుగుతూండేది. 1942 జనవరిలో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక తన గళ్ళ నుడికట్టును పన్నెండు నిమిషాలలోపల పూరించగలవారికి పోటీ పెట్టింది. ఆ పోటీలో పాల్గొన్నవారిలో కొందరికి తరువాత ప్రభుత్వం నుండి పిలుపు వచ్చింది. చెల్లాచెదరైన అక్షరాలలో మాటను చూడగల కన్ను యుద్ధంలో ఆయుధంగా మారింది. సంకేతం విప్పేవానికి మొదట కావలసింది అర్థం కాదు. ఏ అక్షరం పక్కన ఏ అక్షరం వస్తుందనే జ్ఞానమే.

అక్షరాలు ఎవరి సొత్తు?

జంషెడ్‌పూర్‌కు తూర్పున కొన్ని గంటల రైలు ప్రయాణం దూరంలో కోల్‌కతా ఉంది. అక్కడి రజత్, జయంత్ అగర్‌వాలా అనే సోదరులు కంప్యూటర్ల మీద దూరదూరాల వారు ఒకరితో ఒకరు ఆడుకొనేందుకు స్క్రాబుల్ వంటి ఆటను తయారుచేసి 'స్క్రాబ్యులస్' అని పేరు పెట్టారు. 2007లో అది ఫేస్‌బుక్‌లో ప్రవేశించి, దేశదేశాలలో లక్షలాదిమందికి నిత్యవ్యసనంగా మారింది. స్క్రాబుల్ హక్కులు అమెరికా, కెనడాలలో హాస్బ్రో కంపెనీవి. తక్కిన ప్రపంచంలో మాటెల్ కంపెనీవి. రెండు కంపెనీలూ న్యాయస్థానాలకు వెళ్ళాయి. 2008 జులైలో అమెరికా, కెనడాలలో ఆ ఆట నిలిచిపోయింది.

ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన వ్యాజ్యంలో 2008 సెప్టెంబరులో తీర్పు వెలువడింది. ఆ తీర్పులో రెండు ముఖాలున్నాయి. 'స్క్రాబ్యులస్' అనే పేరు 'స్క్రాబుల్' అనే వ్యాపార నామానికి మరీ దగ్గరగా ఉన్నందున దానిని వాడరాదన్నది మొదటిది. ఆటలోని భావానికి, నియమాలకు, ఆ నియమాలు పలికే గళ్ళ పలకకు గ్రంథస్వామ్యం వర్తించదన్నది రెండవది. సోదరులు పేరు మార్చుకున్నారు. ఆట 'లెక్స్యులస్'గా కొనసాగింది.

సామాన్యుని భాషలో చెప్పాలంటే ఆ తీర్పు సారాంశం ఇది: పేరుకు యజమాని ఉండవచ్చును గాని, అక్షరాలు పేర్చి మాట కట్టే ఆలోచనకు యజమాని లేడు. ఆటపెట్టె కొనలేని ఇంటిలో అట్ట ముక్కలు కత్తిరించి, వాటిమీద అక్షరాలు రాసుకొని పిల్లలు ఆడుకుంటే ఎవరూ అడ్డుచెప్పలేరు.

మన న్యస్తాక్షరి

నిజానికి ఈ విద్య తెలుగువారికి పరాయిది కాదు. అష్టావధానంలో 'న్యస్తాక్షరి' అనే అంశం ఉంది. పద్యంలో ఏ పాదంలో ఎన్నవ స్థానంలో ఏ అక్షరం ఉండవలెనో పృచ్ఛకుడు ముందుగా నిర్దేశిస్తాడు. అవధాని ఆ అక్షరాలు ఆయా స్థానాలలో కచ్చితంగా పడేటట్లు, ఛందస్సు చెడకుండా, అడిగిన విషయం మీద పద్యం చెప్పాలి. 'నిషిద్ధాక్షరి'లో దారి తారుమారు. ఇక్కడ ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు అడుగడుగునా చెబుతూంటాడు. అవధాని దానిని తప్పించుకొని మరొక మాటను పట్టుకుంటాడు. 'దత్తపది'లో ఇచ్చిన మాటలనే, చాలా సందర్భాలలో ఇంగ్లీషు మాటలనే, వాటి అర్థం మరుగుపడేటట్లు పద్యంలో పొదగాలి. తిరుపతి వేంకట కవుల కాలం నుండి ఊరూరా జనం సభలలో కూర్చొని ఈ అక్షరక్రీడను చూసి చప్పట్లు కొట్టారు.

ఫలానా అక్షరం వాడకుండా రాయడమనే పట్టుదల పశ్చిమంలోను ఉంది. 1939లో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ అనే అమెరికన్ రచయిత 'ఇ' అక్షరం లేకుండా 'గాడ్స్‌బీ' అనే పూర్తి నవలను ప్రచురించాడు. 1969లో ఫ్రాన్సులో జార్జ్ పెరెక్ కూడా అదే అక్షరాన్ని బహిష్కరించి ఒక నవల రాశాడు. వీరికి శతాబ్దాలకు పూర్వమే దండి మహాకవి 'దశకుమారచరిత్ర' ఏడవ ఉచ్ఛ్వాసాన్ని పెదవులు తాకే అక్షరాలు లేకుండా నడిపాడు. అక్కడ కథ చెప్పే మంత్రగుప్తుని పెదవి గాయపడింది మరి! తెలుగులో మరింగంటి సింగరాచార్యుల వంటి కవులు నిరోష్ఠ్య కావ్యాలు రచించారు.

తేడా ఒక్కటే. ఇంగ్లీషు అక్షరం ఒంటరి గింజ. ఎక్కడ పెట్టినా దాని ఆకారం మారదు. తెలుగు అక్షరం గుణింతంతో, ఒత్తుతో కూడిన గుత్తి. 'స్త్రీ' అని రాస్తే మనకు ఒక్క అక్షరం. అందులో నాలుగు ధ్వనులున్నాయి. అందుకే ఇరవైయారు అక్షరాల ఇంగ్లీషు బిళ్ళల ఆటను యథాతథంగా తెలుగులోకి తేవడం కష్టం. కాని అక్షరాన్ని పట్టుకొని మాట కోసం వేటాడే మనసు రెండు చోట్లా ఒక్కటే.

పోటీ నుండి పుస్తకాల దాకా

ఆ మనసు సముద్రం దాటి వెళ్ళిన తెలుగు కుటుంబాలలోను కనిపిస్తుంది. అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీలో తొలిసారి భారతీయ సంతతి బాలుడు విజేత అయింది 1985లో. తరువాతి కాలపు విజేతల పట్టికలో తెలుగు ఇంటిపేర్లు వరుసగా పలకరిస్తాయి: 2002లో బుద్ధిగ, 2003లో గుంటూరి, 2012లో నందిపాటి, 2013లో మహంకాళి, 2018లో నెమ్మాని, 2024లో సోమ. ఈ చివరి పోటీలో విజేతను తేల్చడానికి పెట్టిన తొంభై సెకన్ల గడువులో బృహత్ సోమ ఇరవైతొమ్మిది మాటల అక్షరక్రమం తప్పులేకుండా చెప్పాడు. ఇక్కడ అక్షరాలు ఇచ్చి మాట అడగరు. మాట ఇచ్చి అక్షరాలు అడుగుతారు. అదే వీథిలో ఎదురునడక.

ఈ విజయాల వెనుక మరొక కథ ఉంది. 1989లో రత్నం చిట్టూరి నార్త్ సౌత్ ఫౌండేషన్ అనే సంస్థను స్థాపించారు. భారతదేశంలోని పేద విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇవ్వడం దాని ఆశయాలలో ముఖ్యమైనది. 1993 నుండి ఆ సంస్థ అమెరికాలోని భారతీయ పిల్లలకు స్పెల్లింగు, పదసంపద మొదలైన అంశాలలో పోటీలు నిర్వహిస్తూ వచ్చింది. జాతీయ పోటీలో రాణించినవారిలో పలువురు అక్కడ తొలి అడుగులు వేసినవారే. ఒక ఖండంలో పిల్లలు అక్షరాలతో తలపడుతూంటే, మరొక ఖండంలో ఒక పేద విద్యార్థి కళాశాల మెట్లు ఎక్కుతాడు. ఇంతకన్నా మంచి ఎత్తు ఏ ఆటలోనూ ఉండదు.

నాలుగు ఉపాయాలు

ఇంటిలో ఆడుకోదలచినవారికి అనుభవజ్ఞులు పాటించే పద్ధతులు సులభమైనవే.

ఒకటి: అక్షరాలను వరుసగా కాక గుండ్రంగా రాసుకోవాలి. వరుసలో ఉన్నంతసేపు కన్ను పాత మాటనే చదువుతుంది. చక్రానికి మొదలూ తుదీ ఉండవు.

రెండు: అరుదైన అక్షరాన్ని ముందు పట్టుకోవాలి. జంషెడ్‌పూర్‌లో అది 'జె'. దాని పక్కన నిలబడగలవి అచ్చులే. 'జె' పక్కన 'యు' పెట్టగానే 'జంప్' కనిపిస్తుంది. దానివెంట జంప్డ్, జంపర్, జంపర్స్ వస్తాయి.

మూడు: తోకలను పక్కకు తీసిపెట్టాలి. 'ఇ, డి', 'ఇ, ఆర్', 'ఐ, ఎన్, జి', 'ఎస్' ఇంగ్లీషు మాటల చివర తరచుగా వచ్చేవి. తోక తీసివేస్తే మిగిలిన అక్షరాలలో మొండెం తేలికగా దొరుకుతుంది.

నాలుగు: జంటలను విడదీయరాదు. 'ఎస్, హెచ్', 'పి, హెచ్', 'ఎమ్, పి', 'ఎస్, పి' వంటివి కలిసి తిరిగే స్నేహితులు. 'పి, హెచ్' జంటను ముందు నిలబెట్టినవారికే 'ఫ్రేజ్డ్' చిక్కుతుంది.

ఇక ఒక నియమాన్ని ఎవరికివారు పెట్టుకోవడం మంచిది. దొరికిన ప్రతి కొత్త మాటకు నిఘంటువులో అర్థం చూడాలి. నైజెల్ రిచర్డ్స్‌కు అది అక్కరలేకపోయింది. బడిపిల్లలకు కావలసినది అదే. మాట దొరికిన సంతోషంలో చూసిన అర్థం, దెబ్బలకు భయపడి వల్లెవేసిన అర్థం వలె మరునాటికి జారిపోదు.

రైలు కిటికీ నుండి

టాటానగర్ నుండి సెలవులకు స్వస్థలం వెళ్ళే తెలుగు కుటుంబానికి దారి పొడవునా ఈ ఆట సిద్ధంగా ఉంది. స్టేషన్ల బోర్డుల మీద ఇంగ్లీషులో ఉన్న పేర్లను చదివి, వాటిలో దాగిన మాటలను పట్టుకోవాలి. పలాసలో ఒక నిట్టూర్పు ఉంది. తునిలోని నాలుగు అక్షరాలనూ మార్చి పేర్చితే కొలతకు ఉపయోగపడే మాట వస్తుంది. ఏలూరులో ఒక శాసనం, ఒక ప్రలోభం రెండూ ఉన్నాయి. గుంటూరులో ఒక మూలుగు వినిపిస్తుంది. రేపల్లెలో ఒక ముత్యం, ఒక చట్టం రద్దు. తెనాలిలోని ఆరు అక్షరాలనూ వాడితే, ఒక పని తన వెంట తెచ్చిపెట్టే పర్యవసానాన్ని చెప్పే క్రియాపదం వస్తుంది.

తెనాలికి మరొక విశేషం ఉంది. ఆ ఆరు అక్షరాలకు 'ఎస్' ఒక్కటి చేర్చితే 'సేలియెంట్' అనే మాట వస్తుంది. ప్రముఖంగా కనిపించేది అని అర్థం. అవే ఏడు అక్షరాలు మరొక వరుసలో 'ఎలాస్టిన్' అవుతాయి. చర్మానికి సాగే గుణమిచ్చే పదార్థం. వికటకవి పేరుతో ముడిపడిన ఊరి పేరు అక్షరాల ఆటలో ఇంత ఉదారంగా ఉండడం సముచితమే.

సమాధానాలు: పలాస — ఎలాస్, తుని — యూనిట్, ఏలూరు — రూల్, ల్యూర్, గుంటూరు — గ్రంట్, రేపల్లె — పెర్ల్, రిపీల్, తెనాలి — ఎన్‌టెయిల్.

బాగ్‌బేరా పక్కనున్న ఆ స్టేషన్‌కు రైల్వేవారు పెట్టుకున్న సంకేతంలో నాలుగే అక్షరాలు: టి, ఎ, టి, ఎ. 'టాటా'. ఒక కుటుంబం పేరు అది; ఆ పేరు మీద ఒక పట్టణం, లక్షల జీవితాలు నిలబడ్డాయి. అదే మాటకు ఇంగ్లీషు నిఘంటువులో వేరొక అర్థం కూడా ఉంది. ఆ అర్థం తెలుసుకోవడానికి తెలుగు పిల్లలకు నిఘంటువుతో పనిలేదు. రైలు కదలగానే కిటికీలో నుండి చేయి ఊపుతూ వారు అనేది ఆ మాటనే.